పలాస గడియారంతో దుబాయి ప్రయాణం



ఈవేళ దూరం గురించి, వేళ గురించి మాట్లాడుకుందాం. ఒక ఎయిర్‌పోర్టు నుంచి ఇంకో ఎయిర్‌పోర్టుకు ఎంత దూరం? విమానం ఎంతసేపట్లో వెళ్తుంది? పలాసలో, టెక్కలిలో, ఉద్దానం ఊళ్లలో ఇవి ఇంటింటి ప్రశ్నలు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో బయటి దేశంలో పనిచేసే మనిషి లేని ఊరు అరుదు. ఒకరు వెల్డరు, ఒకరు ఫిట్టరు, ఇంకొకరు రిగ్గరు. ఒకరు దుబాయిలో, ఒకరు ఖతార్‌లో, ఇంకొకరు సింగపూర్‌లో. చదువుకని యూరప్‌ వెళ్లిన పిల్లలూ ఉన్నారు.

వాళ్లు బయల్దేరిన రోజున ఇంటిల్లిపాదికీ ఒకటే ఆరాటం. ఎప్పుడు ఎక్కుతాడు? ఎప్పుడు దిగుతాడు? ఫోను ఎప్పుడు చేస్తాడు? టికెట్టు కాగితం చేతిలోనే ఉంటుంది. వేళలు దాని మీదే అచ్చయి ఉంటాయి. అయినా లెక్క కుదరదు. "నాలుక్కెక్కి ఆరింటికల్లా దిగిపోనాడట, దుబాయంటే మరీ అంత దగ్గరేటి?" అని అడిగే అమ్మలున్నారు. వాళ్లు అడిగింది సరైన ప్రశ్నే. ఆ ప్రశ్నకు జవాబే ఈనాటి ప్రసంగం.

జవాబు ముందే చెప్పేస్తాను. టికెట్టు మీదున్న వేళలన్నిటినీ పలాస గడియారంలోకి మార్చుకోండి. మన ఇంటి గోడ మీద ఏ గడియారం తిరుగుతోందో, ఆ గడియారంలోకి. అలా మార్చాకే కూడికలు, తీసివేతలు. ఈ ఒక్కమాట గుర్తుంటే చాలు. మిగతాదంతా దీనికి వివరమే.

ముందు దూరం సంగతి చూద్దాం.

మన పెద్దవాళ్ల కాలంలో ఇక్కడినుంచి జనం రంగం వెళ్లేవారు. రంగం అంటే రంగూన్, బర్మా దేశపు రేవు. ఈ తీరం నుంచి స్టీమరెక్కి బంగాళాఖాతం దాటేవారు. అది రోజుల ప్రయాణం. 1942లో యుద్ధం వచ్చినప్పుడు ఎందరో అడవుల్లోంచి, కొండల్లోంచి నడిచి తిరిగొచ్చారు. విశాఖపట్నంలో ఇప్పటికీ బర్మా క్యాంప్ అనే పేట ఉంది.

మరి రంగూన్ ఎంత దూరం? పలాస నుంచి తిన్నగా గీత గీసి కొలిస్తే 1,250 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఇటు పడమటికి తిరిగి ముంబయికి గీత గీయండి. 1,200 దాటుతుంది. అంటే మనకు ముంబయి ఎంత దూరమో, రంగూన్ కూడా దాదాపు అంతే. కానీ ఎవరినైనా అడిగి చూడండి. ముంబయి దగ్గరంటారు, రంగూన్ దూరమంటారు. ముంబయికి పలాస స్టేషన్లో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఆగుతుంది. రంగూన్‌కు ఇక్కడినుంచి తిన్నని దారి లేదు. విశాఖ నుంచి నేరుగా విమానం కూడా లేదు. దగ్గరా దూరమా అన్నది మనసులో తేల్చేది కిలోమీటర్లు కాదు, పట్టే కాలం.

ఇంకో లెక్క చూడండి. పలాస నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో 900 కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది. ఫలక్‌నుమా ఎక్కినా, విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కినా పదిహేను గంటలు, ఇంకా పైనే. అదే హైదరాబాద్ నుంచి దుబాయికి ఆకాశంలో సుమారు 2,550 కిలోమీటర్లు. విమానానికి నాలుగు గంటలు చాలు. మూడింతలు దూరం, నాలుగో వంతు కాలం. అందుకే కిలోమీటర్లు విని ప్రయాణం అంచనా వేయొద్దు. గంటలు అడగండి.

విమానం ఎన్ని గంటలు ఎగురుతుందో మీరే లెక్కగట్టవచ్చు. పుస్తకం అక్కర్లేదు. దూరాన్ని 800తో భాగించండి. వచ్చినదానికి అరగంట కలపండి. మళ్లీ చెబుతున్నాను. దూరాన్ని 800తో భాగించి, అరగంట కలపండి.

800 ఎందుకు? పెద్ద జెట్ విమానం పైకి చేరాక గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోతుంది, కొంచెం అటూ ఇటూ. ఆకాశంలో దారి కూడా గీత గీసినంత తిన్నగా ఉండదు. అందుకని 800 వేసుకుంటే సరిపోతుంది. అరగంట ఎందుకు? విమానం తలుపు మూశాక రన్‌వే దాకా నెమ్మదిగా పోవాలి. పైకెక్కేటప్పుడు పూర్తి వేగం ఉండదు. దిగేటప్పుడూ ఉండదు. దిగాక గేటు దాకా పోవాలి. టికెట్టు మీద రాసే కాలం విమానం గేటు వదిలినప్పటి నుంచి ఇంకో గేటు దగ్గర ఆగేదాకా. ఆ ఆలస్యమంతా ఈ అరగంటలో పడుతుంది.

ఇప్పుడు వేసి చూద్దాం. విశాఖ నుంచి హైదరాబాద్‌కు ఆకాశంలో సుమారు 500 కిలోమీటర్లు. 800తో భాగిస్తే ముప్పావు గంట కూడా రాదు. అరగంట కలపండి. గంటా పది నిమిషాలు. సరిగ్గా అంతే పడుతుంది. హైదరాబాద్ నుంచి దుబాయికి 2,550. భాగిస్తే మూడు గంటల పైచిలుకు. అరగంట కలిపితే మూడు గంటల నలభై నిమిషాలు. విశాఖ నుంచి సింగపూర్‌కు సుమారు 2,900. భాగించి కలిపితే నాలుగు గంటలు దాటుతుంది. ఇదీ సరిపోతుంది.

యూరప్ మాట కూడా చూద్దాం. ఆ ఖండంలో నైరుతి మూలన పోర్చుగల్ ఉంది. దాని రాజధాని లిస్బన్. ఈశాన్యం వైపు ఫిన్లాండ్ ఉంది. దాని రాజధాని హెల్సింకీ. ఈ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం సుమారు 3,360 కిలోమీటర్లు. మన లెక్క ప్రకారం నాలుగు గంటల నలభై నిమిషాలు. అంటే లిస్బన్ నుంచి హెల్సింకీకి వెళ్లడం, విశాఖ నుంచి సింగపూర్ వెళ్లడం కంటే ఓ అరగంట ఎక్కువ. అంతే. మన తీరం నుంచి సింగపూర్ షిప్‌యార్డుకు పనికి వెళ్లినవాడు, దూరంలో చూస్తే లిస్బన్ నుంచి దాదాపు హెల్సింకీ దాకా వెళ్లినట్టే. హైదరాబాద్ నుంచి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌కైతే 7,100 కిలోమీటర్లు. లెక్కకు తొమ్మిదిన్నర గంటలు వస్తుంది.

ఈ దూరాలు ఎలా కొలుస్తారు? మీ ఊరి బడిలో గ్లోబు ఉంటే పిల్లలచేత చేయించండి. ఒక దారం తీసుకోండి. ఒక కొస హైదరాబాద్ మీద పెట్టండి. ఇంకో కొస ఫ్రాంక్‌ఫర్ట్ మీద పెట్టి బిగించి లాగండి. దారం ఏ దారిన పడుతుందో అదే దగ్గరి దారి. గోడకు తగిలించిన పటం మీద అదే దారి వంకరగా, ఉత్తరం వైపు ఉబ్బి కనబడుతుంది. భూమి గుండ్రంగా ఉంది, పటం చదునుగా ఉంది. వంకర పటానిది. దారిది కాదు.

అయితే లెక్క వేసినంత కచ్చితంగా విమానం వెళ్లదు. రెండు కారణాలున్నాయి. ఒకటి గాలి. రెండు దారి మూసేయడం.

గాలి సంగతి ఉద్దానం వాళ్లకు చెప్పక్కర్లేదు. సముద్రం గాలి గట్టిగా వీచే సాయంత్రం, పలాస నుంచి అక్కుపల్లి వైపు సైకిలు తొక్కి చూడండి. కాళ్లు పీక్కుపోతాయి. తిరిగొచ్చేటప్పుడు అదే రోడ్డు, అదే సైకిలు, గాలే తోసుకొస్తుంది. పైన పది కిలోమీటర్ల ఎత్తున కూడా ఇలాంటి గాలి ఉంది. మన దేశం మీద చలికాలంలో అది పడమటి నుంచి తూర్పుకు జోరుగా వీస్తుంది. అందుకే దుబాయి వెళ్లేటప్పుడు విమానానికి ఎదురుగాలి, వచ్చేటప్పుడు వాలుగాలి. వెళ్లడానికి నాలుగు గంటలు పడితే, రావడానికి మూడున్నర చాలు. దూరం మారలేదు. కాలం మారింది.

రెండోది దారి మూసేయడం. ఆకాశానికీ సరిహద్దులున్నాయి. ఏ దేశం మీద ఎగరాలన్నా ఆ దేశం ఒప్పుకోవాలి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్ విమానాలకు రష్యా ఆకాశం మూసుకుపోయింది. ఇందాక చెప్పిన హెల్సింకీ నుంచి జపాన్‌లోని టోక్యోకు అంతకుముందు తొమ్మిది గంటల చిల్లర. తర్వాత పన్నెండు, పదమూడు గంటలు. ఉత్తర ధ్రువం వైపు నుంచో, దక్షిణం వైపు నుంచో చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. మన దగ్గరా అంతే. 2025 ఏప్రిల్లో మన విమాన సంస్థలకు పాకిస్తాన్ ఆకాశం మూసేశారు. ఢిల్లీ నుంచి పడమటి దేశాలకు వెళ్లే మన విమానాలు చుట్టుతిరిగి పోవలసి వచ్చింది. హైదరాబాద్ నుంచి దుబాయి వెళ్లే దారి అరేబియా సముద్రం మీదుగా పోతుంది కాబట్టి ఆ చిక్కు అంతగా తగల్లేదు. ఎలాగైనా గుర్తుంచుకోండి. గ్లోబు మీద దారం చూపించేది దగ్గరి దారిని. విమానానికి దొరికేది తెరిచి ఉన్న దారి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గడియారం.

టికెట్టు మీద రెండు వేళలుంటాయి. బయల్దేరే వేళ, చేరే వేళ. ఈ రెండూ ఒకే గడియారం చెప్పిన వేళలు కావు. బయల్దేరే వేళ బయల్దేరే ఊరి గడియారం చెబుతుంది. చేరే వేళ చేరే ఊరి గడియారం చెబుతుంది. రెండు వేర్వేరు గడియారాలు చూసి ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే వచ్చేది తప్పు లెక్కే.

గడియారాలు ఎందుకు వేరు? పొద్దు అన్నిచోట్లా ఒక్కసారి పొడవదు. మన బారువ తీరంలో సూర్యుడు కనబడ్డాక, దుబాయిలో కనబడటానికి సుమారు రెండు గంటలు పడుతుంది. ఏ దేశం గడియారం ఆ దేశపు పొద్దును బట్టి పెట్టుకున్నారు. మన దేశానికంతటికీ ఒకటే గడియారం. ఆ గడియారానికి ఆధారమైన గీత మన కాకినాడకు దగ్గర్నుంచే పోతుంది. అందువల్ల మన గడియారం మన పొద్దుకు చాలా దగ్గర.

గుర్తుపెట్టుకోవలసిన తేడాలు కొన్నే. దుబాయి, అబుధాబి, మస్కట్ మనకంటే గంటన్నర వెనక. సౌదీ, ఖతార్, కువైట్, బహ్రెయిన్ మనకంటే రెండున్నర గంటలు వెనక. సింగపూర్, మలేషియా మనకంటే రెండున్నర గంటలు ముందు. మళ్లీ చెబుతున్నాను. దుబాయి గంటన్నర వెనక. సౌదీ, ఖతార్ రెండున్నర వెనక. సింగపూర్ రెండున్నర ముందు.

వెనక ఉన్న ఊరి వేళకు కలపండి. ముందున్న ఊరి వేళలోంచి తీసేయండి. అప్పుడది పలాస వేళ అవుతుంది.

ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4 గంటలకు విమానం. దుబాయిలో ఉదయం 6 గంటల 20 నిమిషాలకు చేరుతుందని టికెట్టు మీద ఉంది. చూడగానే రెండు గంటల ఇరవై నిమిషాలనిపిస్తుంది. ఇందాకటి అమ్మ అడిగింది ఇదే. ఇప్పుడు దుబాయి వేళకు గంటన్నర కలపండి. 7 గంటల 50 నిమిషాలు. ఇది పలాస వేళ. 4 నుంచి 7.50 దాకా ఎంత? మూడు గంటల యాభై నిమిషాలు. అదీ అసలు ప్రయాణం. దుబాయి అంత దగ్గరేమీ కాదమ్మా. మనవాడు అక్కడ కాలు పెట్టేసరికి మన ఇంట్లో ఎనిమిది కావస్తుంది.

తిరుగు ప్రయాణం చూడండి. దుబాయిలో రాత్రి 10 గంటలకు ఎక్కాడు. హైదరాబాద్‌లో తెల్లవారుజామున 3 గంటలకు దిగుతాడు. చూడగానే అయిదు గంటలు. కానీ దుబాయిలో రాత్రి 10 అంటే పలాసలో పదకొండున్నర. పదకొండున్నర నుంచి మూడు దాకా మూడున్నర గంటలు. చూశారా? వెళ్లేటప్పుడు టికెట్టు తక్కువ చేసి చూపించింది. వచ్చేటప్పుడు ఎక్కువ చేసి చూపించింది. పలాస గడియారం మాత్రం రెండుసార్లూ నిజమే చెప్పింది.

సింగపూర్ దీనికి తిరగబడి ఉంటుంది. విశాఖలో రాత్రి 11 గంటలకు ఎక్కితే సింగపూర్‌లో ఉదయం అయిదున్నరకు దిగినట్టు ఉందనుకుందాం. చూడటానికి ఆరున్నర గంటలు. సింగపూర్ మనకంటే ముందు కాబట్టి రెండున్నర తీసేయండి. తెల్లవారుజామున మూడు. 11 నుంచి 3 దాకా నాలుగు గంటలే. మనవాడు అక్కడ పొద్దుటి టీ తాగుతుంటే ఇక్కడ మీరింకా గాఢనిద్రలో ఉంటారు.

లిస్బన్, హెల్సింకీలకైనా ఇదే సూత్రం. హెల్సింకీ గడియారం లిస్బన్ కంటే రెండు గంటలు ముందు. లిస్బన్ నుంచి హెల్సింకీకి వెళ్లేటప్పుడు టికెట్టు మీద ఆరున్నర గంటల ప్రయాణంలా కనబడుతుంది. ఇటు వచ్చేటప్పుడు మూడు గంటలు కూడా లేనట్టు కనబడుతుంది. అసలు రెండువైపులా పట్టేది ఇంచుమించు అయిదు గంటల లోపే.

యూరప్‌లో పిల్లలున్నవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. అక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారం మారుస్తారు. మార్చి ఆఖరి ఆదివారం గంట ముందుకు, అక్టోబరు ఆఖరి ఆదివారం గంట వెనక్కు. అందుకే జర్మనీ వేసవిలో మనకంటే మూడున్నర గంటలు వెనక, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. గల్ఫ్‌లో, సింగపూర్‌లో ఈ మార్పు లేదు. మన దగ్గరా లేదు. అందుకే రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోను చేసే పిల్ల నవంబరులో పదింటికి చేస్తే కంగారు పడకండి. ఆ పిల్ల వేళ మార్చలేదు. ఆ దేశం గడియారం మార్చింది.

ఇప్పుడు తేదీ సంగతి. ఇక్కడే ఎక్కువమంది విమానం పోగొట్టుకుంటారు. కాబట్టి నెమ్మదిగా వినండి.

గల్ఫ్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి, అపరాత్రి బయల్దేరతాయి. టికెట్టు మీద ఇలా ఉంటుంది. 13వ తేదీ, సున్నా సున్నా యాభై. అంటే అర్ధరాత్రి పన్నెండు దాటిన యాభై నిమిషాలకు. ఏ రాత్రి? మన ఇళ్లలో రోజు తెల్లారితే మారుతుంది. పంచాంగంలో వారం కూడా సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకానే. శనివారం రాత్రి ఒంటిగంటకు పిల్లవాడికి జ్వరం వచ్చిందంటే, అది మనకు శనివారం రాత్రే. టికెట్టుకు అలా కాదు. దాని రోజు అర్ధరాత్రి పన్నెండుకు మారిపోతుంది. కాబట్టి 13వ తేదీ సున్నా సున్నా యాభై అంటే, మన మాటలో 12వ తేదీ రాత్రి. 13 రాత్రి అనుకుని మర్నాడు రాత్రి ఎయిర్‌పోర్టుకు వెళితే, విమానం వెళ్లిపోయి దాదాపు ఇరవైనాలుగు గంటలై ఉంటుంది.

అందుకని టికెట్టు మీద వేళ సున్నా సున్నా నుంచి సున్నా నాలుగు దాకా దేనితో మొదలైనా వెంటనే కాగితం మీద రాసుకోండి. ముందు రోజు రాత్రి అని రాయండి. పెద్ద అక్షరాలతో రాయండి.

ఇక ప్రయాణం ఎక్కడ మొదలవుతుంది? టికెట్టు ప్రకారం హైదరాబాద్‌లో. మీకు మాత్రం మీ గుమ్మంలో. విమానం నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి.

మన ఉదాహరణే తీసుకుందాం. విమానం 13వ తేదీ తెల్లవారుజామున 4 గంటలకు. వేరే దేశం వెళ్లే విమానానికి మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి. లగేజీ ఇవ్వాలి, ఇమిగ్రేషన్‌లో నిలబడాలి, తనిఖీ దాటాలి. అంటే రాత్రి ఒంటిగంటకు శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఉండాలి. సికింద్రాబాద్ నుంచి శంషాబాద్ ముప్పై కిలోమీటర్లకు పైనే. రాత్రి పదకొండుకు కదలాలి. అంటే 12వ తేదీ రాత్రి. రైలు 12వ తేదీ పొద్దున్న సికింద్రాబాద్ చేరితే పగలంతా చేతిలో ఉంటుంది. ఆ రైలు పలాసలో ఎక్కేది 11వ తేదీ సాయంత్రం. నువ్వలరేవు నుంచో, మంచినీళ్లపేట నుంచో పలాస స్టేషన్‌కు రావాలంటే మధ్యాహ్నం నాలుగుకు ఇల్లు వదలాలి. టికెట్టు మీద 13. ఇల్లు వదిలేది 11.

ఇప్పుడు మొత్తం కూడండి. 11వ తేదీ మధ్యాహ్నం 4 నుంచి, 13వ తేదీ ఉదయం పలాస వేళ 7.50 దాకా. పది నిమిషాలు తక్కువ నలభై గంటలు. ఇందులో విమానం ఎగిరేది నాలుగు గంటలే. మిగతా ముప్పై ఆరు గంటలూ నేల మీదే. ఏజెంటు మీకు చెప్పేది ఆ నాలుగు గంటల గురించి. మీరు బతకాల్సింది నలభై గంటలు. తిండి, నీళ్లు, మందులు, ఫోను చార్జింగు అన్నీ నలభై గంటలకు సర్దుకోవాలి.

పగలంతా వృథా కదా, ఇంకాస్త ఆలస్యంగా చేరే రైలు పట్టుకోవచ్చు కదా అని కొందరంటారు. వద్దు. ముఖ్యంగా అక్టోబరు, నవంబరు నెలల్లో అసలు వద్దు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను వచ్చింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి విశాఖ ఎయిర్‌పోర్టునే కొన్నాళ్లు మూయించింది. 2018 అక్టోబరు 11న తిత్లీ మన ఉద్దానం మీదే తీరం దాటింది. కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకొరిగాయి. రోడ్లు, రైళ్లు ఆగిపోయాయి. ఆ నెలల్లో విమానం ఉన్నవాళ్లు ఒక పగలు కాదు, రెండు పగళ్లు చేతిలో ఉంచుకున్నా ఎక్కువేం కాదు.

ఏ ఎయిర్‌పోర్టు మంచిదన్నది కూడా గంటల్లోనే తేల్చుకోండి. పలాస నుంచి విశాఖకు రైల్లో సుమారు 200 కిలోమీటర్లు. భువనేశ్వర్‌కు సుమారు 240. కాబట్టి పలాస, టెక్కలి వాళ్లకు విశాఖ దగ్గర. ఇచ్ఛాపురం వాళ్లకు తిరగబడుతుంది. వాళ్లకు భువనేశ్వర్ దగ్గర. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన విమానాశ్రయం నుంచి విమానాలు నడిస్తే, మనకు హైవే మీద సుమారు యాభై కిలోమీటర్లు తగ్గుతాయి. విశాఖ నగరం ట్రాఫిక్ కూడా తప్పుతుంది. మన గుమ్మం నుంచి మొదలుపెట్టి కొలిస్తేనే ఈ తేడా కనబడుతుంది.

టికెట్టు ధర కూడా ఇలాగే చూడండి. హైదరాబాద్ నుంచి టికెట్టు రెండు వేలు తక్కువనుకోండి. దానికి రైలు చార్జీ, అక్కడ పగలంతా తిండి, ఎయిర్‌పోర్టు బస్సు కలపండి. విశాఖలో ఎక్కి మధ్యలో ఒకచోట విమానం మారే టికెట్టు కాస్త ఎక్కువైనా, మొత్తం మీద చవక కావచ్చు. కాకపోవచ్చు కూడా. కాగితం మీద వేసి చూస్తే తెలుస్తుంది.

విమానం మారేచోట కూడా అదే సూత్రం. మొదటి విమానం దిగే వేళను, రెండో విమానం ఎక్కే వేళను, రెండిటినీ పలాస గడియారంలోకి మార్చండి. మధ్యలో ఎన్ని గంటలున్నాయో తేలిపోతుంది. ఒకే టికెట్టు మీద రెండు విమానాలుంటే, మొదటిది ఆలస్యమైనా రెండోదాని బాధ్యత సాధారణంగా విమాన సంస్థే చూసుకుంటుంది. విడివిడిగా రెండు టికెట్లు కొంటే ఆ బరువు మీదే. అప్పుడు మధ్యలో ఎక్కువ గంటలు పెట్టుకోండి.

ఆఖరుగా ఇంట్లో ఎదురుచూసేవాళ్లకు ఒక మాట. విమానం 7.50కి దిగుతుందని తేల్చుకున్నారు. 7.51కి ఫోను రాదు. దిగాక ఇమిగ్రేషన్ వరుసలో నిలబడాలి. లగేజీ రావాలి. అక్కడి సిమ్ కార్డు కొనాలి, లేదా ఎయిర్‌పోర్టు వైఫై దొరకాలి. కంపెనీ మనిషి కోసం వెతకాలి. అందుకని దిగే వేళకు రెండు గంటలు కలిపి, అప్పటినుంచి ఫోను కోసం చూడండి. ఈ ఉదాహరణలో పలాస వేళ పది దాకా. అంతకుముందే "ఏటైపోనాడో" అని కంగారు పడితే, ఆ కంగారుకు ఆధారం లేదు. పది దాటి చాలాసేపు రాకపోతే అప్పుడు విమానం నంబరు ఇంటర్నెట్‌లో చూడమని ఇంట్లో పిల్లలకు చెప్పండి. దిగిందో లేదో నిమిషంలో తెలుస్తుంది.

ఇంతవరకు చెప్పినదాన్ని ఒక్కసారి గుర్తుచేసుకుందాం. దూరాన్ని 800తో భాగించి అరగంట కలిపితే విమానం ఎగిరే కాలం వస్తుంది. టికెట్టు మీద వేళలు రెండు వేర్వేరు గడియారాలవి. దుబాయి వేళకు గంటన్నర కలపండి. సౌదీ, ఖతార్ వేళకు రెండున్నర కలపండి. సింగపూర్ వేళలోంచి రెండున్నర తీసేయండి. అర్ధరాత్రి దాటిన విమానమైతే, ముందు రోజు రాత్రే ఎయిర్‌పోర్టులో ఉండాలి. ప్రయాణాన్ని మీ గుమ్మం నుంచి లెక్కపెట్టండి.

ఈసారి మీ ఇంట్లోకి టికెట్టు రాగానే దాని వెనక మూడు వరుసలు రాయండి. మొదటి వరుసలో ఇల్లు వదిలే తేదీ, వేళ. రెండో వరుసలో విమానం ఎగిరే వేళ. మూడో వరుసలో దిగే వేళ. మూడూ పలాస గడియారంలోనే రాయండి. ఒక నకలు వెళ్లేవాడి జేబులో పెట్టండి. ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఇద్దరి దగ్గరా ఒకే లెక్క ఉంటే, ఒకరు ఎక్కడున్నారో ఇంకొకరికి తెలుస్తుంది.